ఫ్యాక్టరీ జాగాకి అడంగల్ ఎక్కడ దొరుకుతుంది?

బ్రౌన్‌ఫీల్డ్ అనగానే మన సాఫ్ట్‌వేర్ జనాలకి గుర్తొచ్చేది ఒకటే. ఎవరో ఎప్పుడో రాసి పడేసిన పాత సిస్టమ్. డాక్యుమెంటేషన్ ఉండదు, రాసినవాళ్ళు కంపెనీ మారి పదేళ్ళవుతుంది, క్లయింటు మాత్రం దాని మీదే కొత్తది కట్టమంటాడు. గ్రీన్‌ఫీల్డ్ ప్రాజెక్టు వచ్చినవాడు స్వీట్లు పంచుతాడు, బ్రౌన్‌ఫీల్డ్ వచ్చినవాడు రెజ్యూమె దులుపుతాడు. ఈ మాటలు మనవి కావు, స్థలాలూ కట్టడాలూ చూసుకునేవాళ్ళ దగ్గర్నుంచి అరువు తెచ్చుకున్నవి. వాళ్ళ భాషలో బ్రౌన్‌ఫీల్డ్ అంటే ఒకప్పుడు ఫ్యాక్టరీయో, గోదామో, పెట్రోలు బంకో నడిచి ఇప్పుడు ఖాళీగా పడున్న స్థలం. నేలలో ఏదో రసాయనం ఉంది, లేదా ఉందేమోనన్న అనుమానం ఉంది. ఆ అనుమానంతో కొనేవాడు జంకుతాడు, బ్యాంకు అప్పివ్వదు. అమెరికాలో ఇలాంటివి నాలుగున్నర లక్షల పైనే ఉంటాయని వాళ్ళ పర్యావరణ సంస్థ ఈపీఏ అంచనా. ఈ లెక్కన మన హైదరాబాదులో బ్రౌన్‌ఫీల్డ్ అనేది ఒక్కటీ ఉండకూడదు. ఎందుకంటే ఇక్కడ ఎవరికీ అనుమానం రాదు. ఫ్యాక్టరీకి తాళం పడ్డ మర్నాడే అది 'ప్రైమ్ లొకేషన్' అయిపోతుంది :)

నాకైనా ఈ అనుమానం సొంతంగా రాలేదు, మా నాన్న తెప్పించాడు. మా బావగారు ఏడాదిగా ఫ్లాట్ల వేటలో ఉన్నారు. చివరికి నగరంలో ఒక పాత పారిశ్రామిక వాడ పక్కన లేస్తున్న టవర్లు నచ్చాయి (బిల్డరు పేరూ ఏరియా పేరూ చెప్పను, వాటితో ఇక్కడ పని లేదు). మెట్రో దగ్గర, అక్క పనిచేసే స్కూలు దగ్గర, రేటు కూడా గచ్చిబౌలితో పోలిస్తే మనుషులు కొనగలిగేది. రెండు లక్షలు కట్టి బుక్ చేశారు. కంటి ఆపరేషన్ చెకప్ కోసం ఊరినుంచి వచ్చిన నాన్నని కూడా సైటు చూడ్డానికి తీసుకెళ్ళాం. ఆయన మోడల్ ఫ్లాట్ లోపలికి కూడా రాలేదు. గోతి అంచున నిలబడి, "ఇక్కడ ముందేం ఉండేదండీ?" అని సేల్స్ కుర్రాణ్ణి అడిగాడు.

"ఇండస్ట్రీ ఉండేదండి పెద్దాయనా. క్లియర్ టైటిల్."

"ఏం ఇండస్ట్రీ?"

ఆ కుర్రాడికి తెలీదు. బావగారికి తెలీదు. ఆ ప్రాజెక్టు కొన్నవాళ్ళ వాట్సాప్ గ్రూపులో రెండొందల మందికి పైగా ఉన్నారు, సగానికి సగం ఐటీ వాళ్ళే. ఆ రాత్రి కూర్చుని పాత మెసేజీలన్నీ వెతికాను. వాస్తు, యూడీఎస్, మంజీరా నీళ్ళు, రెండో కారు పార్కింగు, జీఎస్టీ, క్లబ్‌హౌస్... ఈ ఒక్క ప్రశ్న మాత్రం లేదు.

మా నాన్న ఆ ప్రశ్న అడగడంలో గొప్ప విజ్ఞానమేమీ లేదు, అలవాటంతే. మాది నల్లజర్ల. ఏలూరు నుంచి గుండుగొలను మీదుగా కొవ్వూరు పోయే దారిలో వస్తుంది. (2022లో జిల్లాలు ముక్కలు చేశాక మా ఊరు తూర్పు గోదావరిలో పడింది, తాడేపల్లిగూడెం పశ్చిమలో ఉండిపోయింది, ఏలూరు తనకంటూ ఒక జిల్లా అయింది. శుభలేఖలు పంచాలంటే మూడు జిల్లాలు తిరగాలి.) పూర్తిగా మెట్ట ప్రాంతం. పొగాకు, పామాయిల్, మొక్కజొన్న, జీడిమామిడి. పొగాకు వేసేవాడికి నేలన్నా, బోరు నీళ్ళన్నా భయం ఉంటుంది. వాటిలో క్లోరైడు ఎక్కువుంటే మొక్క దాన్ని పీల్చుకుంటుంది, ఆకు సరిగా కాలదు, వేలంలో బేళ్ళు వెనక్కొస్తాయి. అందుకని నారు పోయకముందే నీళ్ళు పరీక్ష చేయించుకుంటారు. పామాయిల్ వాళ్ళకి పెదవేగిలో పరిశోధన సంస్థే ఉంది. నేలలో ఉన్నది పైకి వస్తుందన్న సంగతి మా వాళ్ళకి పుస్తకాలు చెప్పలేదు, ఆకు చెప్పింది.

కిందికి కొల్లేరు వైపు, ఆకివీడు, కైకలూరు వైపు వెళితే ఈ జాగ్రత్త ఇంకా ముదురుతుంది. అక్కడ పొలం కొనేవాడు అడిగే మొదటి మాట "ఇదెప్పుడైనా చెరువుగా ఉందా?" అని. రొయ్యల చెరువు తవ్వి, నాలుగేళ్ళు ఉప్పునీళ్ళు పెట్టి, తర్వాత గట్లు పడగొట్టి చదును చేసినంత మాత్రాన అది మళ్ళీ వరిచేను అయిపోదు. చూడ్డానికి పక్క పొలంలాగే ఉంటుంది. కానీ ఊళ్ళో ముసలాయన ఒకడు తప్పకుండా చెప్పేస్తాడు. ఆయన చెప్పకపోతే అడంగల్ చెబుతుంది. తెలియనివాళ్ళ కోసం: అడంగల్ అంటే గ్రామ లెక్కల్లో మూడో నంబరు. ఏ సర్వే నంబర్లో ఏ ఏడాది ఏ పంట వేశారు, నీరెక్కడిది అన్నది అందులో రాస్తారు. తెలంగాణలో పహాణీ అంటారు. అందులో రాసినవన్నీ నిజాలేనని నేను పూచీ ఇవ్వను, కానీ ఉద్దేశం చూడండి. భూమి ఎవరిది అన్నది ఒక రికార్డు, ఆ భూమి మీద ఏం జరిగింది అన్నది ఇంకో రికార్డు.

నగరంలో మనం చూసేది మొదటిదే. లింకు డాక్యుమెంట్లు ముప్ఫై ఏళ్ళకి లాగిస్తాం. ఈసీ తీయిస్తాం. లాయరుకి పదో పదిహేనువేలో ఇచ్చి లీగల్ ఒపీనియన్ రాయిస్తాం. ఎవరి చేతిలోంచి ఎవరి చేతిలోకి వచ్చిందో అణాపైసలతో తెలుస్తుంది. ఆ చేతులు అక్కడ ఏం చేశాయన్నది మాత్రం ఎవరి ఫైల్లోనూ ఉండదు.

నేను సేల్స్ ఆఫీసుకి ఫోన్ చేసి "సాయిల్ టెస్ట్ రిపోర్టు ఉందా?" అన్నాను. భేషుగ్గా ఉందన్నారు, పది నిమిషాల్లో పీడీఎఫ్ వచ్చింది. చూస్తే అది ఎస్‌బీసీ రిపోర్టు, అంటే ఆ నేల చదరపు మీటరుకి ఎంత బరువు మోస్తుందన్న లెక్క. పునాదికి కావలసింది అదే, తప్పులేదు. కానీ మా ఊళ్ళో 'మట్టి పరీక్ష' అంటే మట్టిలో ఏముందో చూడ్డం, ఇక్కడ మట్టి పరీక్ష అంటే మట్టి ఎంత గట్టిదో చూడ్డం. విషం కలిసిన రాయి కూడా బరువు బ్రహ్మాండంగా మోస్తుంది.

అమెరికాలో ఇదెలా జరుగుతుందో నాకు కొంచెం తెలుసు. 2014 నుంచి రెండేళ్ళు ఆన్‌సైట్ మీద మౌంటెన్ వ్యూలో ఉన్నాను. మా ఆఫీసు దగ్గర పార్కింగ్ లాట్లలో అక్కడక్కడా గుండ్రటి ఇనప మూతలు, వాటి మీద నంబర్లు కనపడేవి. డ్రైనేజీ అనుకునేవాణ్ణి. అవి భూగర్భజలం శాంపిల్ తీసే బావులని ఒక పాత కొలీగ్ చెప్పాడు. అదే మిడిల్‌ఫీల్డ్-ఎల్లిస్-విస్మాన్ ప్రాంతం. ఫెయిర్‌చైల్డ్, ఇంటెల్, రేథియాన్ లాంటి కంపెనీలు అక్కడ చిప్పులు చేసేవి, వాటిని కడిగే టీసీఈ అనే ద్రావకం ట్యాంకుల్లోంచి, పైపుల్లోంచి నేలలోకి ఇంకింది. టీసీఈ నీటికన్నా బరువు, కిందికి దిగిపోతుంది. పైగా ఆవిరయ్యే గుణముంది, కాంక్రీటు పగుళ్ళలోంచి మళ్ళీ పైకి, గదుల్లోకి వస్తుంది. క్యాన్సర్ తెప్పించే రసాయనాల్లో ఒకటి. చిప్పులు పోయి అక్కడ సాఫ్ట్‌వేర్ ఆఫీసులు వచ్చాక కూడా, 2012 చివరినుంచి 2013 మొదటి దాకా గూగుల్ భవనాల్లో ఆ ఆవిరి పరిమితి దాటి బయటపడింది. వెంటిలేషన్ సిస్టమ్ మీద పని జరుగుతున్నప్పుడు లోపలి గాలి ఒత్తిడి తగ్గడంతో కిందిది పైకి వచ్చింది. శాంటా క్లారా కౌంటీలో ఇలా సూపర్‌ఫండ్ జాబితాకెక్కిన స్థలాలు 23, ఆ దేశంలో ఏ కౌంటీలోనూ అన్ని లేవు. మన తెలుగువాళ్ళు ఇళ్ళు కొనుక్కోవడానికి కిందామీదా పడే కౌంటీ కూడా అదే. మనం 'క్లీన్ ఇండస్ట్రీ' అని చెప్పుకునేదాని పుట్టిల్లు కూడా.

అయితే అక్కడ వాళ్ళు మనకన్నా మంచివాళ్ళేం కాదు. వాళ్ళని దారికి తెచ్చింది భయం. న్యూయార్క్ రాష్ట్రంలో లవ్ కెనాల్ అని ఒక కాలవ గొయ్యి ఉండేది. హుకర్ కెమికల్ అనే కంపెనీ అందులో వేల టన్నుల రసాయన వ్యర్థాలు పూడ్చి, 1953లో ఆ స్థలాన్ని ఒక్క డాలరుకి స్కూలు బోర్డుకి రాసిచ్చింది. దాని మీద స్కూలు కట్టారు, చుట్టూ ఇళ్ళు కట్టారు. 1978కి నేలమాళిగల్లోకి రసాయనాలు ఊరి, ఎమర్జెన్సీ ప్రకటించి జనాన్ని ఖాళీ చేయించాల్సి వచ్చింది. ఆ దెబ్బతో 1980లో సూపర్‌ఫండ్ చట్టం చేశారు. అందులో అసలు మెలిక ఏంటంటే, కలుషితమైన స్థలం కొన్నవాడు కూడా, తను కలుషితం చేయకపోయినా, శుభ్రం చేసే ఖర్చుకి బాధ్యుడే. తప్పించుకోవాలంటే కొనేముందు తగిన విచారణ చేశానని రుజువు చూపించాలి. అంతే, బ్యాంకులన్నీ ఒక్కసారిగా పర్యావరణ ప్రేమికులైపోయాయి. ఏ కమర్షియల్ స్థలానికైనా అప్పు కావాలంటే ఫేజ్ వన్ రిపోర్టు తెమ్మంటాయి.

ఫేజ్ వన్ అంటే ఏదో యంత్రాలతో చేసేది కాదు. ఒక్క తట్ట మట్టి కూడా తవ్వరు. పాత మ్యాపులు చూస్తారు (1867 నుంచి అగ్నిప్రమాద బీమా కోసం గీసిన శాన్‌బోర్న్ మ్యాపుల్లో ఏ షెడ్డులో ఏ పని జరిగేదో కూడా ఉంటుంది), పాత ఏరియల్ ఫోటోలు చూస్తారు, ప్రభుత్వ ఫైళ్ళు తీస్తారు, స్థలమంతా నడిచి మరకలు, ట్యాంకు మూతలు చూస్తారు, పాత యజమానినీ ఇరుగుపొరుగునీ కూర్చోబెట్టి అడుగుతారు. అంటే మా నాన్న గోతి గట్టున అడిగిందీ, ఊళ్ళో ముసలాయన చెప్పేదీ, అడంగల్లో ఉండేదీ కలిపితే ఫేజ్ వన్. అందులో అనుమానం తగిలితేనే ఫేజ్ టూ: బోర్లు వేసి మట్టి, నీళ్ళు, ఒక్కోసారి నేలలోని ఆవిరి ల్యాబుకి పంపుతారు. ఆ తర్వాత తవ్వి తీసెయ్యాలా, పైన కప్పెయ్యాలా, ఆవిరి లాగేసే పైపులు పెట్టాలా, లేక ఇక్కడ పార్కింగ్ తప్ప పిల్లల స్కూలు కట్టకూడదని దస్తావేజులో రాయాలా అన్నది తేలుస్తారు. ఆ చివరిది నాకు బాగా నచ్చింది. స్థలాన్ని వదిలెయ్యక్కర్లేదు, ఏది ఎక్కడ కట్టాలో తెలిస్తే చాలు.

ఇప్పుడు హైదరాబాదుకొద్దాం. 2025 నవంబరులో తెలంగాణ ప్రభుత్వం 'హిల్ట్' పాలసీ తెచ్చింది. ఔటర్ రింగు రోడ్డు లోపలా, దాని పక్కనా ఉన్న 22 పారిశ్రామిక వాడల్లో దాదాపు 9,292 ఎకరాలని అపార్టుమెంట్లకి, ఆఫీసులకి, మాల్స్‌కి, స్కూళ్ళకి మార్చుకోవచ్చు. నాచారం, బాలానగర్, జీడిమెట్ల, కాటేదాన్, పటాన్‌చెరు... మనం పేరు వినగానే ముక్కు మూసుకున్న ప్రతి చోటూ ఉంది. రోడ్డు వెడల్పుని బట్టి రిజిస్ట్రేషన్ విలువలో 30 శాతమో, 50 శాతమో కట్టాలి. దాని మీద పెద్ద రగడ అయింది. అయిదు లక్షల కోట్ల కుంభకోణమని ప్రతిపక్షం, కాలుష్యాన్ని ఊరవతలికి పంపుతున్నామని ప్రభుత్వం. విషయం హైకోర్టు దాకా వెళ్ళింది. నెలరోజులు టీవీ చర్చలు విన్నాను. ఎకరం ఎంత, ఎవరికి ఎంత, శాతం ఎంత... మట్టి గురించి మాట్లాడినవాళ్ళు నా చెవిన పడలేదు. ఫ్యాక్టరీని లారీల్లో ఎక్కించి పంపొచ్చు, నేలలో దిగిన సీసాన్ని ఎవరు ఎక్కిస్తారు?

ఇది ఊహ కాదు. కాటేదాన్ మట్టిని మన ఉప్పల్లో ఉన్న ఎన్‌జీఆర్‌ఐ శాస్త్రవేత్తలే పరీక్షించి 2008లో ప్రచురించారు. సీసం, క్రోమియం, నికెల్, జింకు, ఆర్సెనిక్, కాడ్మియం ఉన్నాయని, వ్యర్థాలని ఎక్కడపడితే అక్కడ పారబోయడమే ప్రధాన కారణమని చెప్పారు. అక్కడి నూర్ మహమ్మద్ కుంటని 2010లో మొదలైన ప్రపంచబ్యాంకు ప్రాజెక్టులో కలుషిత స్థలాల శుద్ధికి నమూనాగా ఎంచుకున్నారు కూడా. పటాన్‌చెరు సంగతి కొత్తగా చెప్పేదేముంది? 1990లో సుప్రీంకోర్టులో పడ్డ కేసు చేతులు మారి మారి 2017లో ఎన్‌జీటీ తీర్పు దాకా నడిచింది. 2007లో స్వీడన్ శాస్త్రవేత్తలు అక్కడి ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి వదిలే నీళ్ళలో లీటరుకి 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్ససిన్ ఉందని తేల్చారు. అది మందు వేసుకున్న రోగి రక్తంలో ఉండేదానికన్నా ఎక్కువ. ఇవన్నీ ఇంటర్నెట్లో దొరికే పేపర్లే. మూడు గంటలు సెలవు రోజున చదివితే అయిపోతుంది.

ఇక్కడ ఒక మాట. నేను ఈ మార్పిడికి వ్యతిరేకం కాదు. ఊరి మధ్యలో షెడ్లు తుప్పు పట్టి పడుంటే, మనం శంకర్‌పల్లి అవతల పొలాలు చదును చేసుకుంటూ పోవడం తెలివితక్కువ పని. పాత జాగాల్లో రోడ్డుంది, కరెంటుంది, నీళ్ళున్నాయి. శుభ్రం చేసి కట్టుకుంటే అంతకన్నా కావలసిందేముంది. నా పేచీ అంతా ఆ 'శుభ్రం చేసి' దగ్గరే.

"మూడు సెల్లార్లు తవ్వుతున్నారు కదా, చెడ్డ మట్టంతా పోతుంది" అన్నారు బావగారు. నిజమే, చాలావరకు పోవచ్చు. కానీ ఎక్కడికి? నలభై అడుగుల గోతిలోంచి తీసిన మట్టి టిప్పర్లలో రాత్రిపూట వెళ్ళి ఇంకెవరి పల్లపు ప్లాటులోనో పడుతుంది. అక్కడ ఇల్లు కట్టుకునేవాడు దాన్ని మంచి మొరం అనుకుని డబ్బిచ్చి మరీ కొంటాడు. ప్రమాదకర వ్యర్థాలు పారేయడానికి దుండిగల్లో చోటుంది, కానీ అది ప్రమాదకరమో కాదో పరీక్షిస్తే కదా అక్కడికి వెళ్ళేది! ఇంకో చిక్కు, మన హైదరాబాదు కింద ఉన్నది రాయి. నీళ్ళు ఆ రాతి పగుళ్ళలోంచి పోతాయి, ఏ పగులు ఎటు పోతుందో పైనుంచి కనపడదు. మన బోరు బాగుండి పక్క బోరులో విషం ఉండొచ్చు, అటుదిటు కూడా అవొచ్చు. అందుకే ఒక్క శాంపిల్ తీసి ఓకే అనేస్తే సరిపోదు.

చట్టం లేదా అంటే ఉంది, కొత్తగా వచ్చింది. 2025 జూలైలో కేంద్రం కలుషిత స్థలాల నిర్వహణ నియమాలు నోటిఫై చేసింది. స్థానిక సంస్థలు, జిల్లా యంత్రాంగం ఆరు నెలలకోసారి అనుమానమున్న స్థలాల జాబితా ఇవ్వాలి. రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి 90 రోజుల్లో ప్రాథమిక అంచనా, ఆ పైన మరో మూడు నెలల్లో వివరమైన సర్వే చేయించాలి. 189 రసాయనాలకి హద్దులు పెట్టారు. ఖర్చు పాడుచేసినవాడిది. బాగానే ఉంది. కానీ అప్పటికి దేశం మొత్తం మీద గుర్తించినవి 103 స్థలాలు, శుద్ధి పని మొదలైనవి ఏడు. ఇంత దేశంలో 103! పైగా మొత్తం వ్యవహారం ఎవరో అనుమానపడితేనే మొదలవుతుంది. అపార్టుమెంటు కట్టేసి, అమ్మేసి, సొసైటీకి అప్పజెప్పేశాక అనుమానపడేదెవరు? ఆ అనుమానంతో రేటు పడిపోయేది వాళ్ళదే కదా.

ఆ సంగతి నాకు గ్రూపులోనే తెలిసొచ్చింది. "మన స్థలంలో ముందు ఏ పరిశ్రమ ఉండేదో ఎవరికైనా తెలుసా? నేల పరీక్ష అడుగుదామా?" అని మర్యాదగానే బావగారి చేత మెసేజ్ పెట్టించాను. అయిదు నిమిషాల్లో జవాబు: "బ్రో, ప్లీజ్ డిలీట్. రీసేల్ మీద ఎఫెక్ట్ ఉంటుంది." దానికి నలభై బొటనవేళ్ళు. రోజూ ప్రొడక్షన్‌లోకి కోడ్ పంపేముందు నాలుగు రకాల టెస్టింగ్ చేసే జనం వీళ్ళు. విడిగా మాత్రం పదిమంది మెసేజ్ చేశారు. అందులో ఒకావిడకి ఏడాదిన్నర పాప. సీసం విషయంలో అన్నిటికన్నా ముందు దెబ్బతినేది ఆ వయసు పిల్లలే, మట్టి చేతులు నోట్లో పెట్టుకుంటారు కాబట్టి. మెదడు ఎదుగుదల మీద పడుతుంది.

అక్కడ్నించి రెండు పనులు చేశాం. ఇవి ఎవరైనా చెయ్యొచ్చు కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. మొదటిది: 20,000 చదరపు మీటర్లు దాటిన కట్టడానికి పర్యావరణ అనుమతి కావాలి (దీన్నీ ఈసీ అనే అంటారు, బ్యాంకువాడు అడిగే ఈసీ వేరు, ఈ ఈసీ వేరు). ఆ అనుమతి లెటరు పరివేష్ పోర్టల్లో దొరుకుతుంది. దించుకుని షరతులు చదవండి. చాలా లెటర్లలో ఒక వాక్యం ఉంటుంది: భార లోహాలు, ఇతర విషపదార్థాలు భూగర్భజలంలోకి దిగే ప్రమాదం లేదని నిర్ధారించుకోడానికి మట్టి, నీటి శాంపిళ్ళు పరీక్షించాలి అని. మా దాంట్లోనూ ఉంది. అంటే మనం కొత్తగా వరమేమీ అడగనక్కర్లేదు, వాళ్ళు ఒప్పుకున్న షరతు తాలూకు కాగితం చూపించమంటే చాలు. అడిగాం. "సర్, మీరు ఏ డిపార్ట్‌మెంట్?" అన్నాడు మేనేజరు కంగారుగా.

రెండోది: ఫ్యాక్టరీ జాగాకి అడంగల్ లేదని పైన అన్నాను కానీ, దాని చుట్టం ఒకటుంది. ఏ పరిశ్రమైనా నడవాలంటే కాలుష్య నియంత్రణ మండలి ఇచ్చే కన్సెంట్ ఉండాలి. అందులో ఏం తయారుచేస్తారు, రోజుకెంత, ఏ వ్యర్థం ఎంత వస్తుంది, ఎక్కడ పారేస్తారు అన్నీ రాసుంటాయి. సమాచార హక్కు కింద అడిగితే ఇస్తారు. మాకు నెల దాటాక చివరి కన్సెంట్ కాపీ వచ్చింది. లోహపు విడిభాగాలకి క్రోమ్, జింకు పూత పూసే యూనిట్. వ్యర్థాల జాబితాలో ప్లేటింగ్ బురద, వాడేసిన నూనె. మా నాన్న ప్రశ్నకి జవాబు దొరికింది. క్రోమ్ పూత అంటే హెక్సావలెంట్ క్రోమియం, నీళ్ళలో తేలిగ్గా కరిగి పోయే రకం. ఉందని కాదు, చూడాల్సింది ఏమిటో తెలిసింది.

పదకొండు మందిమి సంతకాలు పెట్టి బిల్డరుకి రాశాం. మూడు వారాలకి ఒక రిపోర్టు పంపారు. ఆశగా తెరిచాను. ఉదజని సూచిక, లవణాలు, నత్రజని, భాస్వరం, పొటాష్. చివర్లో 'నేల సారవంతంగా ఉంది' అని. ల్యాండ్‌స్కేపింగ్ వాళ్ళ కోసం చేయించినదనుకుంటా. ఫోన్లో నాన్నకి చదివి వినిపిస్తే, "ఏం వేస్తారంటరా, వరా?" అన్నాడు.

క్రోమియం, సీసం, నికెల్, ద్రావకాలు చూసి మళ్ళీ పంపమని అడిగాం. "పరిశీలిస్తున్నాం" అన్నారు. అక్క మాత్రం ఆ కాగితం వచ్చేదాకా అగ్రిమెంటు మీద సంతకం పెట్టేది లేదని కూర్చుంది. బావగారికి ఒక పక్క అక్క, ఇంకో పక్క నెలనెలా పెరిగే రేటు. ఏ మాటకామాటే, ఆయన బాధ కూడా నాకు అర్థమవుతుంది. ఆ బడ్జెట్‌లో ఇంకోచోట దొరకదు.

ఇది హైదరాబాదు గొడవే కదా అని మా ఊరివాళ్ళు అనుకోనక్కర్లేదు. ఔటర్ అవతలికి పంపిన ఫ్యాక్టరీలు ఆకాశంలో నడవవు, ఇంకెవరి నల్లజర్లకో వెళతాయి. వాళ్ళ నేల ఈ రోజు ఎలా ఉందో ముందే రాసిపెట్టుకోకపోతే ముప్ఫై ఏళ్ళ తర్వాత వాదించడానికి ఏమీ మిగలదు. 2020 డిసెంబరులో ఏలూరులో చూశాం కదా. ఉన్నట్టుండి జనం ఫిట్స్‌తో పడిపోవడం, ఆరొందల మందికి పైగా ఆసుపత్రి పాలు. ముందు రక్తంలో సీసం, నికెల్ అన్నారు, తర్వాత పురుగుమందుల అవశేషాలే ప్రధాన కారణమన్నారు. ఆ రోజుల్లో మా పిన్ని వాళ్ళింటికి ఫోన్ చేస్తే నీళ్ళు తాగాలా వద్దా అని అడిగేది, చెప్పగలిగినవాడు లేడు. మామూలు రోజుల్లో ఊరి నీళ్ళలో, మట్టిలో ఏదెంత ఉంటుందో లెక్క చేతిలో ఉంటే, జబ్బు రోజున పెరిగిందేదో పోల్చి చూడ్డానికి వీలుండేది.

పాత జాగాలు మాకూ ఉన్నాయి. తాడేపల్లిగూడెంలో రెండో ప్రపంచ యుద్ధం నాటి విమానాల రన్‌వే ఉంది, ఆ విమానాశ్రయ భూముల్లోనే ఎన్‌ఐటీ కట్టారు. ఇతర దేశాల్లో పాత సైనిక విమానాశ్రయాలంటే ఇంధనం ఒలికిన నేల అని ముందే పరీక్షిస్తారు. గూడెంలో అలాంటిదుందని నేననట్లేదు, విమానాలు అక్కడ తిరిగింది కొద్దికాలమే. అంతకన్నా నాకు దగ్గరి దిగులు వేరే ఉంది. మా వైపు పాత రోడ్డు మీద మూతపడ్డ పెట్రోలు బంకు స్థలం ఒకటి అమ్మకానికొచ్చింది. కొని ఫంక్షన్ హాలు కడదామని మా బాబాయి ఉత్సాహం. కింద రెండు ఇనప ట్యాంకులు ఇంకా ఉన్నాయట. పక్కనే బోరు, రేపు భోజనాలకి ఆ నీళ్ళే. ట్యాంకులు తుప్పు పట్టి కారి ఉంటే నీళ్ళలో బెంజీన్ ఉండొచ్చు, దానికి రంగుండదు, తక్కువ మోతాదులో వాసనా తెలీదు.

బాబాయి వినే మనిషే. "పరీక్ష చేయిద్దాంలేరా, ఎక్కడికి పంపాలో చెప్పు" అన్నాడు. మామూలుగా చేసే తాగునీటి పరీక్షలో టీడీఎస్, ఫ్లోరైడు, నైట్రేట్లు, సూక్ష్మజీవులు చూస్తారు గానీ బెంజీన్ చూడరు. ఏలూరు, రాజమండ్రి, విజయవాడ చుట్టుపక్కల బెంజీన్, టొలూయీన్ చూసే ల్యాబు మీకెవరికైనా తెలిస్తే చెప్పండి. శాంపిలు ఏ సీసాలో పట్టాలో, ఎన్ని గంటల్లో చేర్చాలో కూడా. బయానా ఇవ్వాల్సింది వచ్చే నెల పదో తారీఖున.